దయ్యం ఎస్సై పన్నెండో పాపం

ఒక పెద్ద అడవిలో (మరీ అంత పెద్దదేం కాదు గానీ, కథల్లో అడవులన్నీ పెద్దవే కాబట్టి మనదీ పెద్దదే అనుకుందాం) జంతువులకి టీవీ పిచ్చి పట్టింది. నక్క పేర్రాజు ఫారెస్టు గార్డు ఇంటి కిటికీలోంచి ఓ సీరియల్ చూసొచ్చాడు. వచ్చీ రాగానే బండరాయికున్న పెద్ద కన్నం ముందు అందర్నీ కూర్చోబెట్టి, "ఇదే మన టీవీ" అన్నాడు. రోజూ సాయంత్రం ఆ కన్నంలో సీరియల్. మధ్యమధ్య కోతి దూరి తేనె గురించి అరిచి పోయేది. అది ప్రకటన.

సీరియల్ పేరు 'దయ్యం ఎస్సై'. ఓ దొంగ చచ్చి నరకానికి పోతాడు. యముడు వాణ్ణి ఎస్సైని చేసి భూమ్మీదికి తోలేస్తాడు. ఓ దొంగని పడితే ఓ పాపం కొట్టివేత. మొత్తం పదకొండు పాపాలు.

దయ్యం వేషం పునుగుపిల్లి నూకరాజుది. వాడు నిజంగానే దొంగ. అడవికోడి అచ్చమ్మ గుడ్లు కాజేసి దొరికిపోయాడు. సింహం దొరవారు అడవి నుంచి గెంటేయబోతుంటే పేర్రాజు అడ్డుపడ్డాడు.

"దొరా, వీణ్ణి నాకివ్వండి. దయ్యం పాపాలు తీరిన రోజే వీడి శిక్షా తీరినట్టు. అందాకా ఈ బండకే కట్టేసి ఉంచుతాను."

దొరవారు సరేనన్నారు. నూకరాజు పెళ్ళాం పిల్లలు వాగవతల ఉండిపోయారు.

యముడు ఎవరంటారా? దున్నపోతు గవరయ్య. మహా నిబంధనల మనిషి, అంటే దున్న. ఆయనకి రెండే డైలాగులు. దయ్యం తప్పు చేస్తే "పాపం మిగిలింది, మళ్ళీ పో". చెయ్యకపోతే "పాపం తీరింది, ఇంటికి పో". రెండోది పాపం ఎంతో కష్టపడి నేర్చుకున్నాడు గానీ, చెప్పే అవకాశమే రాలేదు.

ఎందుకంటే దయ్యం పదకొండో దొంగని పట్టిన రోజున నూకరాజు మూటాముల్లె సర్దుకుంటుంటే పేర్రాజు నవ్వాడు.

"ఎక్కడికిరా? చివర్లో గుడ్డు మింగావుగా. పన్నెండో పాపం!"

"అది తెల్లరాయండీ! పైగా మింగమని రాసింది మీరే కదా!"

"నేను రాసింది, నువ్వు నీ ఇష్టంతో మింగావని. నీ ఇష్టాన్ని కాదనడానికి నేనెవర్నిరా?"

అలా నలభై పాపాలయ్యాయి. జనం మాత్రం చెట్లెక్కి మరీ చూస్తున్నారు. నూకరాజు ఏడుపు సీన్లకి ఈలలే ఈలలు. ఆ ఏడుపు నిజమని ఎవరికీ తెలీదు.

నూరో ఎపిసోడుకి పేర్రాజుకి దివ్యమైన ఆలోచన వచ్చింది. ఈసారి నిజం గుడ్డు పెడదాం. వీడు ఆగలేడు. దొరవారి కళ్ళముందే మింగితే శిక్ష మళ్ళీ మొదటినుంచి మొదలు, సీరియల్ ఇంకో వెయ్యి ఎపిసోడ్లు!

దొరవారు పూచీ ఉంటే గానీ అచ్చమ్మ గుడ్డివ్వలేదు. "జాగర్తండీ, అది వస్తువు కాదు, నా బిడ్డ" అంటూ ముందు వరసలో కూర్చుంది.

గుడ్డు ముందు పెట్టేసరికి నూకరాజుకి నోరూరింది. మీసాలు వణికాయి. పంజా చాచాడు. అంతలో వాగవతల తనకోసం చూస్తుండే తన పిల్లలు గుర్తొచ్చారు. చాచిన పంజా వెనక్కి తీసుకుని, ఆ పంజా మీదే కూర్చున్నాడు.

"తినరా!" బండ వెనకనుంచి పేర్రాజు గుసగుస.

"నా ఇష్టంతో తినాలని రాశారుగా," అన్నాడు నూకరాజు అందరికీ వినబడేలా. "నాకిష్టం లేదు."

అచ్చమ్మ ఆనందం పట్టలేక భోరుమంది. గవరయ్య ఉలిక్కిపడ్డాడు. తప్పు జరగలేదంటే రెండో డైలాగే మరి! గొంతు సవరించుకుని, "పాపం తీరింది, ఇంటికి పో!" అని అడవి అదిరేలా అన్నాడు.

"యముడే చెప్పాక ఇంకేంటి? కట్లు విప్పండి" అన్నారు దొరవారు కళ్ళు తుడుచుకుంటూ.

పేర్రాజు కన్నంలోకి ఒక్క దూకు దూకాడు. "ఆగండి దొరా! ఇది కథలో లేదు! వీడికి నటన రాదు. ఇదిగో, గుడ్డు ఇలా తియ్యాలి, ఇలా వాసన చూడాలి, ఇలా నోట్లో..."

గుటుక్కు.

అచ్చమ్మ కెవ్వుమంది. ఏనుగు తొండంతో నక్క వీపు మీద ఒక్కటిచ్చింది. గుడ్డు చెక్కు చెదరకుండా బయటికొచ్చి ఎగిరితే, నూకరాజే పట్టుకుని అచ్చమ్మకిచ్చాడు. గవరయ్య నక్క వైపు తిరిగి మొదటి డైలాగు చెప్పాడు.

మర్నాటి నుంచి దయ్యం ఎస్సై పేర్రాజే. పాపం, బుద్ధిగా చేశాడు. పదకొండు పాపాలూ తీరాక చేతులు జోడించి, "మారానండీ, ఒట్టు! ఇక ఒదిలెయ్యండి" అన్నాడు. జనానికి కాస్త జాలి కూడా వేసింది.

అప్పుడు ముందు వరసలో, పెళ్ళాం పిల్లల మధ్య కూర్చుని తాటిపండు చప్పరిస్తున్న నూకరాజు లేచి నిలబడ్డాడు.

"పన్నెండోది ఉందండోయ్! నాకు బాగా తెలుసు!"

అడవి అడవంతా ఈలలు వేసింది.

నీతి: మనం మారడానికి ఒక్క సాయంత్రం చాలు, పక్కవాడు మారాడని నమ్మడానికే వెయ్యి ఎపిసోడ్లు కావాలి.