అంజయ్య కొమ్మ అంతరించింది

వెంకటేశం ఆ పొద్దున పెట్టుకున్న పని బహు చిన్నది. పటాన్‌చెరులో నరేష్ దుకాణం నుంచి ఫ్లెక్సీ తీసుకోవాలి, బస్సెక్కి సంగారెడ్డి వెళ్లి కాలేజీ హాల్లో కట్టించాలి, మధ్యాహ్నం ఫ్యాక్టరీ షిఫ్టుకు అందుకోవాలి. ఇందులో పరేషాన్ అయ్యేందుకు ఏముందని ఆయన ధీమా. పాపం, అమాయకుడు!

ఆయన కూతురు హర్షిణి గోదావరి లోయలో దొరికిన ఎముకల్ని ఏళ్ల తరబడి పరిశీలించి, కోడిపుంజంత కొత్త డైనోసార్‌ను లోకానికి పరిచయం చేసింది. దాని మీద ఆ రోజు ఆమె ఉపన్యాసం. ముఖ్య అతిథీ, ఆమె పరిశోధన పరీక్షకుడూ అయిన సూర్యారావు గారు ఒప్పుకుంటేనే ఆమెకు డాక్టరేట్. ఆయనేమో ఆ ప్రాణి పక్షుల కొమ్మకు చెందినది కానే కాదు, పొడుగు మెడ డైనోసార్ల కొమ్మదేనని మొండికేసి కూర్చున్నారు. ఆయన్ని ఒప్పించడానికే హర్షిణి డైనోసార్ల వంశవృక్షం గీసింది. కొమ్మల చివర బొమ్మలు తర్వాత అతికించుకోవచ్చని ఖాళీ గుండ్రాలు వదిలి, తండ్రికి ఫోన్లో పంపింది. తండ్రి దాన్ని అట్లాగే నరేష్‌కు పంపాడు.

నరేష్ పుట్టి బుద్ధెరిగాక ఫోటోల్లేని ఫ్లెక్సీ వేసి ఎరగడు. ఖాళీ గుండ్రం కనిపిస్తే అతని చెయ్యి ఊరుకోదు. దుకాణంలో వెంకటేశం ఫ్లెక్సీ విప్పి చూశాడు. ప్రతి కొమ్మకూ ఒక చుట్టం చేతులు జోడించి నవ్వుతున్నాడు.

"ఇదేందిరా నరేష్! నేను ఫోటోలు పెట్టమన్ననా?"

"చెప్పాల్నా అన్నా? ఒక్క మొఖం లేకుంట ఫ్లెక్సీ కడితే మీ చుట్టాలు ఊకుంటరా? మీ గృహప్రవేశం ఫోటోలు నా దగ్గర్నే ఉండె, పెట్టిన."

"జల్దీ ఇంకోటి కొట్టు!"

"కరెంట్ లేదన్నా. ఇగ సాయంత్రమే."

పక్షుల కొమ్మ చివర తన ఫోటో మాత్రం మహా బాగా వచ్చిందని వెంకటేశానికి లోలోపల అనిపించింది. ఆ బలహీనతతోనే దాన్ని చుట్టి చంకన పెట్టుకున్నాడు.

హాల్లో కట్టేసరికి చుట్టాలు దిగారు. ఆయన బామ్మర్ది అంజయ్య నేరుగా తన ఫోటో వెతుక్కున్నాడు. అది పొడుగు మెడల కొమ్మకు ఉంది. ఆ కొమ్మ సగంలో ఆగిపోయింది. కింద ఎర్రటి అక్షరాల్లో 'అంతరించింది' అని ఉంది.

"బావా! మీ కొమ్మ పైదాంక పోయింది, నా కొమ్మను నడుమల తెంపినవేంది?"

"నేనెందుకు తెంపుత అంజయ్యా? పిట్టలు మిగిలినయి గానీ, నీ కొమ్మ ఆరున్నర కోట్ల ఏండ్ల కిందనే తెగింది."

"అప్పటిసంది మనసుల పెట్టుకున్నవన్నట్టు!"

వెంకటేశం భార్య కౌసల్యమ్మ తమ్ముడి పక్షాన దూకింది. "నిక్షేపంగున్న నా తమ్ముడు అంతరించిండా? గిట్ల రాయనీకి నీకు చెయ్యెట్ల వచ్చింది?"

అంజయ్య కుర్చీ ఎక్కి, బ్లేడుతో తన ఫోటో కోసేశాడు. దాన్ని పక్షుల కొమ్మకు అతికించాలని అక్కడున్న బావ ఫోటో కూడా కోశాడు. హర్షిణి లోపలికి వచ్చేసరికి వంశవృక్షానికి రెండు చిల్లులున్నాయి.

"బాపూ, ఇదేందే? నా డాక్టరేట్ ఖతం!" అంటూ ఆ పిల్ల అక్కడే కూలబడి ఏడ్చింది.

అదే నిమిషాన సూర్యారావు గారు వచ్చారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, కొమ్మ కొమ్మా చూశారు. ముఖం ఎర్రబడింది.

"ఊరందరివీ ఉన్నాయి. ముఖ్య అతిథిని పిలిచి, నా ఫోటో ఒక్కటీ వేయలేదా?"

వెంకటేశం గబగబా ముందుకొచ్చాడు. "మీ కోసమే ఖాళీ ఉంచినం సార్. ముఖ్య అతిథి ఫోటో కొత్త డైనోసార్ పక్కన ఉండాలె గదా. మా బిడ్డ దాన్ని పిట్టల దిక్కు పెట్టింది. మీరేమో పొడుగు మెడల దిక్కు అంటున్నరు. రెండు దిక్కుల జాగ ఉంది. మీరు ఏ కొమ్మ అంటే గదే ఖాయం."

సూర్యారావు గారు పర్సులోంచి పాస్‌పోర్ట్ ఫోటో తీశారు. పొడుగు మెడల కొమ్మ దగ్గరకు ఠీవిగా నడిచారు. ఎర్రటి అక్షరాలు చదివారు. ఫోటో పట్టుకుని వెనక్కి తిరిగారు.

"పక్షుల వైపే అతికించండి."

కొత్త సాక్ష్యాలు చూశాక అభిప్రాయం మార్చుకోవడమే శాస్త్రజ్ఞుడి లక్షణమని ఆ రోజు ఆయన గంటసేపు మాట్లాడారు.