రత్తమ్మ రత్తయ్య అయిన వైనం

ఒక పెద్ద అడవిలో, అన్ని అడవుల్లో ఉన్నట్టే, పని చేసేవాళ్లకంటే ఎవరు ఏ పని చేయాలో చెప్పేవాళ్లు ఎక్కువ. వాళ్లలో ముఖ్యుడు గుడ్లగూబ. అడవి పంచాయతీకి విద్యా సలహాదారు. పగటి సమావేశాలన్నిట్లోనూ నిద్రపోయేవాడు కాబట్టి, ఆయన చాలా లోతుగా ఆలోచిస్తున్నాడని అందరికీ గురి.

ఆ అడవిలోనే రత్తమ్మ అనే పడుచు వడ్రంగిపిట్ట ఉండేది. దాని ప్రాణమంతా తొర్రల పని మీదే. మానును ముక్కుతో రెండుసార్లు తట్టి, ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ పుచ్చిపోయిందో చెప్పేసేది. అది తల్లి దగ్గర నేర్చిన విద్య. గుడ్లగూబ కాపురముండే తొర్ర కూడా ఆ తల్లి తొలిచిందే. ఆ మాటెత్తితే ఆయన, "దాన్ని పనంటారా? ఆడవాళ్ల అలవాటు!" అని కొట్టిపారేసేవాడు.

ఆ ఏడు పంచాయతీ కొత్త రూలు తెచ్చింది. పనుల బడిలో చేరి ముద్ర వేయించుకోనివాళ్లు ఇకమీద ఏ చెట్టు మీదా ముక్కు పెట్టకూడదు. రత్తమ్మ ఎలాగైనా ఆ బడిలో చేరి తీరాలనుకుంది.

కానీ ఎవరెక్కడ చేరాలో గుడ్లగూబ అప్పటికే తేల్చేశాడు. ఆడవాళ్లు కాలేజీకి, మగవాళ్లు పనుల బడికి.

"బలవంతమేమీ లేదు సుమా! ఎవరి ఇష్టం వాళ్లదే. కావాలంటే సర్వే చేయించండి" అన్నాడు.

గోరింక గుమస్తా రెండు రకాల కాగితాలు పట్టుకుని బయల్దేరాడు. రత్తమ్మ కొమ్మ మీద వాలి, ఆడవాళ్ల కాగితం తీశాడు.

"ఏ చదువు కావాలమ్మా? బీయేనా, బీకామా?"

"నాకు తొర్రల పని కావాలండీ."

"అది నీ కాగితంలో లేదే!"

"పోనీ, రెండూ వద్దని రాసుకోండి."

"వద్దని రాయడానికి గడి లేదు. తొందరగా చెప్పు, ఇంకా నలభై చెట్లు తిరగాలి" అని తనే బీయే దగ్గర టిక్కు పెట్టేసుకున్నాడు.

పక్క కొమ్మ మీద రత్తమ్మ తమ్ముడు సూరయ్య ఉన్నాడు. నాలుగు పోట్లు పొడిస్తే వాడికి తలనొప్పి. మబ్బుల్ని చూస్తూ పద్యాలు కట్టుకునే రకం. "నాకు కాలేజీ..." అని వాడు నోరు తెరిచేలోపే గోరింక, "వడ్రంగమా, తాపీపనా?" అన్నాడు.

ఆడవాళ్లలో నూటికి నూరుమందీ చదువే కోరుకున్నారనీ, మగవాళ్లలో నూటికి నూరుమందీ పనే కోరుకున్నారనీ తేలింది. గుడ్లగూబ ఒక కన్ను తెరిచి, "చూశారా, అంతా ప్రకృతి!" అన్నాడు. పంచాయతీ రెక్కలు టపటపలాడించింది.

రత్తమ్మ కాలేజీలో కూర్చుని 'తొర్ర: పుట్టుపూర్వోత్తరాలు' బట్టీ పట్టింది. పాఠం చెప్పే కాకి పంతులు జన్మలో ఒక తొర్ర తొలిచి ఎరగడు. రత్తమ్మకు ఏడుపొచ్చేది. అక్కడ పనుల బడిలో సూరయ్య ఏడుస్తూనే పొడిచి, ఏడుస్తూనే ముద్ర వేయించుకున్నాడు.

వానాకాలం ముంచుకొచ్చింది. గుడ్లగూబ ఉన్న మాను పుచ్చిపోయి కూలింది. కొత్త తొర్ర పని ముద్ర ఉన్న సూరయ్యకే అప్పజెప్పారు. వాడు గుమ్మం ఆకాశంకేసి పెట్టాడు. ఎందుకురా అంటే, మబ్బులు బాగా కనిపిస్తాయన్నాడు. మొదటి వానకే గుడ్లగూబ పీకల్లోతు నీళ్లలో మేలుకున్నాడు.

తడిసి ముద్దయి రత్తమ్మ దగ్గరికొచ్చాడు. "తల్లీ, నీ చేతి చలవతో నాకో తొర్ర..."

"ముద్ర లేదండీ. పనుల బడి రిజిస్టర్లో నా పేరు రాసి ముద్ర వేయండి, ఇప్పుడే తొలుస్తాను."

"ఆడపేరు రాస్తే నా సర్వే తప్పయిపోదూ?"

"అయితే తడవండి."

గుడ్లగూబ ఒక ఉరుముకు ఓర్చుకున్నాడు. రెండో ఉరుముకు రిజిస్టర్ తెరిచాడు. 'రత్తమ్మ' అని రాసి, 'మ్మ' కొట్టేసి 'య్య' పెట్టాడు. లెక్క సరిపోవాలి కాబట్టి సూరయ్యను సూరమ్మ చేసి కాలేజీకి పంపాడు. సర్వే చెక్కు చెదరలేదు.

అమ్మ ప్రేమగా పెట్టిన పేరు అలా చెరిపేసేసరికి రత్తమ్మకు ఒళ్లు మండిపోయింది. కానీ మానుకు ముక్కు తగలగానే ఆ మంట కాస్త చల్లారింది. ఇన్నాళ్లూ తను దేనికోసం ఏడ్చిందో అది మళ్లీ దొరికింది. పొద్దు వాలేలోపు చుక్క నీరు దూరని తొర్ర తయారైంది.

మర్నాటికి ఆ తొర్ర ముందు ఆడపిట్టలు బారులు తీరాయి. "మమ్మల్నీ అయ్యల్ని చేయండి!" అని ఒకటే గోల. వరుసలో గుడ్లగూబ సొంత కూతురూ ఉంది. కాదంటే ఆడవాళ్లూ పనే కోరుకున్నారని తేలి సర్వే పోతుంది. పాపం, రోజంతా నిద్ర మానుకుని 'మ్మ'లన్నీ కొట్టేస్తూ కూర్చున్నాడు.

ఏడాది చివర జనాభా లెక్కలు తీస్తే, అడవి మొత్తం మీద ఆడపిట్ట ఒక్కటే మిగిలింది. సూరమ్మ. పంచాయతీ గడగడలాడిపోయింది. జాతి అంతరించిపోతోందని అత్యవసర తీర్మానం చేసి, సూరమ్మను కాలేజీ నుంచి మోసుకొచ్చి, మెడలో దండ వేసి మెత్తటి గూట్లో కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర రెండు గద్దల్ని కాపలా పెట్టారు.

పై కొమ్మ మీద తొర్ర తొలుస్తున్న రత్తయ్య ముక్కు ఆపి కిందికి చూసింది. కాగితం, కలం పట్టుకుని గోరింక గుమస్తా తమ్ముణ్ణి మర్యాదగా అడుగుతున్నాడు: "గుడ్డు ఎప్పుడు పెడతావమ్మా? ఆదివారమా, సోమవారమా?"

నీతి: లెక్క తప్పినప్పుడు దిద్దవలసింది లెక్కను కాదు, పిట్టను.