సూదయ్య గారి చుట్టాలు

ఒక పెద్ద అడవిలో ఇళ్ళున్నవాళ్ళు కొందరు, ఆ ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళు మిగతా అందరూ. సూదయ్య అనే ముళ్ళపందికి నాలుగు బొరియలు. మూడు అద్దెకిచ్చి, గాలీ వెలుతురూ ఉన్న నాలుగోదాంట్లో తానుండేవాడు.

ఒకదాంట్లో చెవులమ్మ అనే కుందేలు అద్దెకుండేది. దానికి వెనక దారి లేదు. కిందటి వానాకాలం లోపల పీకలదాకా నీళ్ళొచ్చాయి. ఇప్పుడు పొత్తిళ్ళలో నలుగురు పిల్లలు. మళ్ళీ వానొస్తే వీళ్ళేమైపోతారోనని ఆమెకి తిండి సయించేది కాదు. "వెనక దారి తవ్వించండి బాబూ" అని అడిగితే, సూదయ్య "చూద్దాంలేమ్మా" అనేవాడు. ఏడాదిగా చూస్తూనే ఉన్నాడు.

ఇంతలో అడవి పంచాయతీ ఒక చట్టం చేసింది. అద్దెకిచ్చేవాళ్ళంతా పేరు నమోదు చేయించుకోవాలి, తనిఖీకి ఒప్పుకోవాలి, ప్రతి బొరియకీ వెనక దారి ఉండాలి. చెవులమ్మ ఎగిరి గంతేసింది. కుందేళ్ళకి గంతులు మామూలే గానీ, ఇది సంతోషంతో వేసిన గంతు.

తనిఖీకి ఉడుము ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సూదయ్య ఎదురెళ్ళి చిలగడదుంపలు పెట్టాడు.

"అద్దేమిటండీ! ఈవిడ నా చెల్లెలు. పురిటికొచ్చింది," అంటూ చెవులమ్మ వైపు తిరిగి ముళ్ళు నిక్కబొడిచాడు. పాపం, ఆమె పిల్లల్ని దగ్గరికి లాక్కుని తలూపింది.

ఉడుము ఒకసారి ఆ ముళ్ళకేసి, ఒకసారి ఆ చెవులకేసి చూశాడు.

"పోలికలు బాగానే తెలుస్తున్నాయి," అన్నాడు దుంప నములుతూ. "చుట్టాలున్న ఇంటికి తనిఖీ అక్కర్లేదు. ఇక్కడ వేలిముద్ర వేయండి."

పక్క బొరియలో ముంగిస బావమరిది అయింది. ఆ పక్కన పందికొక్కు మేనత్త అయింది. అడవిలో ఇళ్ళవాళ్ళంతా ఇదే దారి పట్టారు. అద్దె సమస్య ఆనవాలు లేకుండా పోయిందని సర్పంచి ఏనుగుకి సన్మానం కూడా చేశారు.

తొలకరి పడింది. చెవులమ్మ పిల్లల్నేసుకుని తిన్నగా సూదయ్య ఇంటికొచ్చింది.

"అన్నయ్యా, బొరియ మునిగింది. పచ్చి బాలింతని, పుట్టింటికి రాక ఎక్కడికి పోతాను? ముందు పథ్యం వండించు. పిల్లలకి చెవులు కుట్టించాలి, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలిగా. నీ దగ్గర సూదులకి కొదవేముంది!"

ఆమె వెనకే చాపలు చంకన పెట్టుకుని బావమరిదీ మేనత్తా దిగారు.

సూదయ్య వానలోనే పరిగెత్తి ఉడుము కాళ్ళమీద పడ్డాడు. "అయ్యా, అది నా చెల్లెలు కాదు! అద్దెకుంటోంది!"

"అలాగా?" అని ఉడుము పుస్తకం తెరిచాడు. "నమోదు చేయని అద్దెకి శిక్ష, నాలుగు బొరియలూ పంచాయతీ స్వాధీనం. రాసేయమంటారా?"

సూదయ్య లేచి ముళ్ళకంటిన బురద దులుపుకున్నాడు.

"చెల్లెలేనండీ," అన్నాడు. "ఒక్కగానొక్క చెల్లెలు."

"సారె పెట్టకుండా పంపేరు, జాగ్రత్త," అన్నాడు ఉడుము.

ఆ వారమంతా సూదయ్య గోళ్ళరిగేలా చెవులమ్మ బొరియకి వెనక దారి తవ్వాడు. ఆమె వచ్చి అటూ ఇటూ నడిచి చూసింది.

"చాలా బాగుందన్నయ్యా. కానీ ఐదో నెల వచ్చేదాకా బాలింత పుట్టిల్లు కదలకూడదటగా!"

నీతి: అద్దెకున్నవాళ్ళని చుట్టాలని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు గానీ, వాళ్ళ చెవిన పడేలా మాత్రం చెప్పకూడదు.