పని చెయ్యని ఆసిలోస్కోప్ మహిమ

ఉద్యోగం ఊడిన మగవాడికి ఈ లోకంలో అన్నిటికంటే ఎక్కువ మేలు చేసే వస్తువేది? డాక్టర్లు నడక అంటారు. మా ఆవిడ గైక్ లీ ఏమో గుడి అంటుంది. నేను మాత్రం ఘంటాపథంగా చెబుతున్నాను: పని చెయ్యని ఆసిలోస్కోప్ కిట్! పని చేసేది కాదు సుమా. అలాంటిది కొంటే ఒక్కరోజులో ముచ్చట తీరిపోతుంది. మర్నాటినుంచి మళ్లీ గోడలు చూస్తూ కూచోవాలి.

ఆసిలోస్కోప్ అంటే తెలియనివాళ్లు సిగ్గుపడనక్కర్లేదు. వైర్లో కరెంటు ఎలా లేస్తోందో, ఎలా పడుతోందో చిన్న తెర మీద గీత గీసి చూపించే పరికరం అది. కిట్ అంటే దాన్నే విడివిడి ముక్కలుగా ప్లాస్టిక్ కవర్లో వేసి పంపడం. ఒక బోర్డు, అరచేతిలో సగముండే తెర, బియ్యపు గింజలంత భాగాలు, రెండు పేజీల కాగితం. సోల్డరింగ్ చేసి అతికించుకోవడం మన వంతు. నూడుల్స్ తిందామని కొట్టుకెళితే, మూకుడూ గరిటే చేతికిచ్చి ముందుగా డబ్బు తీసుకోవడం లాంటిదన్నమాట. ఈ వ్యాపారం కనిపెట్టినవాడి తెలివికి చేతులెత్తి మొక్కాలి!

నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. మాది మలేసియాలోని పెనాంగ్. ఇక్కడి బయాన్ లెపాస్‌లో ఒక ఫ్యాక్టరీ ఉంది, పేరు చెప్పను. అక్కడ ఇరవై ఎనిమిదేళ్లు బోర్డులు పరీక్షించాను. పరీక్షించేవాళ్లం పద్నాలుగు మందిమి. ఒక్కొక్కరికీ నంబరున్న రబ్బరు ముద్ర ఒకటి ఉండేది. నాది 47. బోర్డు బాగుంటేనే ముద్ర. బాత్రూముకెళ్లినా ముద్ర జేబులోనే ఉండాలి, పక్కవాడి చేతికివ్వకూడదు. నా ముద్ర ఓసారి కింద పడి ఏడు అంకె కాలు దగ్గర చిన్న ముక్క ఊడింది. అయినా మార్చలేదు. మేనేజరు నెత్తిమీద నిలబడి తొందరపెట్టినా, చూడని బోర్డు మీద ఒక్కసారి కూడా ముద్ర కొట్టలేదు. ఈ మాట నా అంతట నేను చెప్పుకోవడం బాగోదు గానీ, చెప్పేవాళ్లెవరూ ఇప్పుడక్కడ లేరు.

రెండేళ్ల కిందట కెమెరా మెషీన్లు వచ్చాయి. "మీ కళ్లకిక విశ్రాంతి కావాలి. మెషీన్ మీకంటే బాగా చూస్తుంది" అన్నాడు మేనేజరు. కేకు కోశారు. పద్నాలుగు ముద్రలూ కేకు తెచ్చిన ట్రేలోనే పెట్టించుకుని, మమ్మల్ని ఇంటికి పంపించారు.

ఇదిగో, రెండేళ్లు గోడలు చూశాక నా జీవితంలోకి కిట్టు ప్రవేశించింది.

దాని మొదటి మహిమ ఆ రెండు పేజీల కాగితంలోనే కనబడింది. వివరాలకు పదకొండో పేజీ చూడమని ఉంది అందులో! కళ్లలో వత్తులు వేసుకుని వెతికాను. లేని పేజీ కోసం వెతకడంలో మూడు రోజులు హాయిగా గడిచిపోయాయి. ఏ నడక, ఏ గుడి ఇవ్వగలదండీ ఈ ప్రశాంతత?

ముక్కలన్నీ అతికించి నాలుగో రోజు స్విచ్ వేశాను. తెర వెలిగింది. టెస్ట్ సిగ్నల్ ఇస్తే మెట్లు మెట్లుగా లేవాల్సిన గీత, మధ్యాహ్నం భోంచేసిన మావగారిలా అడ్డంగా పడుకుంది. కదలదు, మెదలదు. ఆనందంతో నాకు ఒళ్లు పులకరించింది. పని దొరికింది!

ముందు అడాప్టర్ తీసేసి బ్యాటరీ పెట్టాను. తర్వాత ఒక కెపాసిటర్ పీకి పెద్దది వేశాను. బయటి కరెంటు అల్లరి లోపలికి రాకుండా, తంబున్ బిస్కెట్ల రేకు డబ్బాకి చిల్లులు పొడిచి మొత్తం అందులో దించాను. డబ్బానుంచి కిటికీ ఊచకి ఎర్త్ వైరు కట్టాను. ఇన్ని మార్పులు చేశాక ఫలితం లేకుండా ఉంటుందా? గీత మునుపటికన్నా తిన్నగా పడుకుంది!

ఇంటర్నెట్‌లో కిట్టు బాధితుల సంఘం ఒకటుంది, అందులో చేరాను. మనీలా ఆయన ఆ కెపాసిటర్ మార్చమన్నాడు. సురబయ ఆయన అసలా కెపాసిటరే ఉండకూడదన్నాడు. బ్యాంకాక్ ఆయన ప్లగ్గు పెట్టారా అని మర్యాదగా అడిగాడు. ముగ్గురూ ఒకరినొకరు తిట్టుకుని ఎంత దగ్గరయ్యారంటే, ఇప్పుడు ఒకరి పుట్టినరోజుకి ఒకరు శుభాకాంక్షలు చెప్పుకుంటున్నారు. నా కిట్టు గురించి అందరూ మర్చిపోయారు. ఆగ్నేయాసియా ఐక్యతకి ఇంతకన్నా ఏం కావాలి?

మా సంసారం కూడా బాగుపడింది. వంటింటి బల్ల నేను ఆక్రమించాక ఇద్దరం నిలబడే తింటున్నాం, అరుగుదలకి మంచిది. సోల్డరింగ్ పొగకి దోమలు ఇల్లు ఖాళీ చేశాయి. ఒకరోజు నా వేలు పొరపాటున బోర్డు వెనక తగిలింది. గీత చటుక్కున లేచి అలలు అలలుగా ఊగింది.

గైక్ లీ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అదేంటి? నీ గుండెకాయా?"

"కాదు. ఇంట్లో ఉన్న కరెంటు నా ఒంటిమీదుగా వస్తోంది."

"పోన్లే. రెండేళ్ల తర్వాత నీలో ఏదో ఒకటి కదిలింది" అని మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇక రెండో కిట్టు సంగతి. ఆసిలోస్కోప్ ఎక్కడ పాడైందో తెలుసుకోవాలంటే ఏం కావాలి? ఇంకో ఆసిలోస్కోప్ కావాలి! తెప్పించాను. మళ్లీ అతికించాను. స్విచ్ వేశాను. ఆ గీతా పడుకుంది. అదే చోట, అదే తీరున.

ఇక్కడ కాస్త గొంతు తగ్గించి చెబుతాను. రెండు కిట్లు, ఒకటే తప్పు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? నా చేతులు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేనేజరు చెప్పింది నిజమేనేమో! కళ్లు పోయాయేమో, వేళ్లు వణుకుతున్నాయేమో, చివరి రోజుల్లో నేను పాస్ చేసిన బోర్డులన్నీ ఇలాగే ఉన్నాయేమో! ప్రతి సోల్డరింగూ పీకి మళ్లీ పెట్టాను, మూడుసార్లు. బోర్డుని మాత్రం అనుమానించలేదు. దానిమీద పరీక్షించి పాస్ చేసినట్టు, చీమ తలకాయంత అంకెలతో గుండ్రటి స్టిక్కరుంది. ముద్ర పడ్డదాన్ని మావాళ్లెవరూ అనుమానించరు. అంటే ఇంకొకరు కళ్లారా చూశారనే కదా అర్థం?

ఐదు వారాలకి చేతులెత్తేశాను. "పనిముట్లు ఎవరికైనా ఇచ్చెయ్. నా చేతులు పోయాయి" అన్నాను గైక్ లీతో. ఆవిడ ఫోన్ తీసి జహారా అక్కకి చేసింది.

జహారా అక్క ఫ్యాక్టరీలో నా పక్క బల్ల. మేనేజరు కూడా ఆవిణ్ణి అక్కా అనే పిలిచేవాడు. ఇప్పుడు పొద్దున్నే వాళ్ల ఫ్లాట్ల ముందు నాసి లెమాక్ అనే కొబ్బరన్నం పొట్లాలు అమ్ముతుంది. అమ్మకం అయ్యాక సరాసరి వచ్చేసింది, మెడలో పాత భూతద్దం వేసుకుని.

"ఏంటి ఖావ్ తమ్ముడూ, బిస్కెట్ల డబ్బాకి పూజలు చేస్తున్నావట?"

"నా చేతులు పనికిరాకుండా పోయాయక్కా."

"పోతే పోయాయిలే, ఎలా పోయాయో చూద్దాం." డబ్బా తెరిచి బోర్డు అటూ ఇటూ తిప్పింది. చాలాసేపు చూసింది.

"సోల్డరింగ్ ముత్యాల్లా ఉందిరా తమ్ముడూ. ఒక్కటంటే ఒక్క తప్పు లేదు. మరి ఈ స్టిక్కరు కింద చూశావా?"

"దాని కిందేం చూస్తానక్కా? పాసైంది కదా."

"ఎవరు పాస్ చేశారు?"

"ఎవరో."

"ఎవరో అంటే ఎవరయ్యా? నంబరు చూడకుండా మనం ఎప్పుడైనా బోర్డు పుచ్చుకున్నామా?" అంటూ భూతద్దం స్టిక్కరు మీద పెట్టింది. పెట్టి, నంబరు రెండుసార్లు చదివింది. భూతద్దం నా చేతికిచ్చింది. "నువ్వే చదువుకో."

47. ఏడు అంకె కాలు దగ్గర చిన్న ముక్క లేదు.

రెండో బోర్డు చూశాను. అక్కడా 47, అక్కడా అదే ముక్క లేదు. కొట్టిన ముద్ర కాదు, అచ్చు వేయించిన ముద్ర. మా ఫ్యాక్టరీవాళ్లు వేలకి వేలు వేయించి ఉంటారు.

"కేకు ట్రేలో పెట్టొచ్చావే, అదే" అంది అక్క. గోటితో స్టిక్కరు పీకింది. దాని కింద, కరెంటు నడిచే రాగి దారిలో వెంట్రుకంత చీలిక. రెండు బోర్డుల్లోనూ అదే చోట. పుట్టుకతో వచ్చిన లోపం! మా పద్నాలుగు మందిలో ఎవరైనా మొదటి నిమిషంలోనే పట్టేసేవాళ్లు.

ముందు సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత నా చేతుల్ని చూసుకుంటే ఏడుపొచ్చింది. ఐదు వారాలు వాటిని నోటికొచ్చినట్టు తిట్టాను. నమ్మింది ఎవర్ని? నా ముద్రని.

అక్క ఒక వైరు పోగు ఇచ్చింది. చీలిక మీద అతికించాను, నా చెయ్యి వణకలేదు. స్విచ్ వేశాను. గీత లేచి, మెట్లు మెట్లుగా, మూలలు చెక్కినట్టు నిలబడింది.

"అయితే నీ చేతులు బాగానే ఉన్నట్టేగా?" అంది గైక్ లీ.

"ఆఁ."

"అయితే బల్ల ఖాళీ చెయ్యి."

కాబట్టి పాఠక మహాశయులారా, పని చెయ్యని కిట్టు వరమని నేను మొదట చెప్పిన మాటకే కట్టుబడి ఉన్నాను. ఎవరికి వరమో చెప్పడం మర్చిపోయాను, అంతే! ఒకప్పుడు మాకు జీతమిచ్చి చేయించుకున్న పరీక్షని ఇప్పుడు కవర్లో పెట్టి మీ ఇంటికి పంపుతున్నారు. మీరు డబ్బిచ్చి కొనుక్కుని, సరదా అనుకుంటూ చేసి పెడుతున్నారు. నన్ను మాత్రం నిజంగా తీసెయ్యలేదు పాపం. ఒంటిని ఇంటికి పంపి, నంబరుని డ్యూటీలోనే ఉంచుకున్నారు. సెలవు అడగదు, కళ్లు మసకబారవు, ఏ బోర్డునీ కాదనదు.

మీ దగ్గర అలాంటి బోర్డుంటే స్టిక్కరు పీకి చూడండి. 47 అని ఉంటే నన్ను తిట్టుకోకండి. అది నేను చూడలేదు. నేను చూసి బాగుచేసినవి రెండే. వాటి పాత స్టిక్కర్లు చెత్తలో వేసి, కాగితం ముక్కల మీద పెన్నుతో 47 అని రాసి అతికించాను. ఆ ఏడుకి కాలు పూర్తిగా ఉంటుంది.