ముగ్గురు కావలెను

ప్రచారాధికారిగారి ఆ రోజు కార్యక్రమం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, సభకు వెళ్ళడం, మైకు ముందు నిలబడి "ముగ్గురిని కనండి, ముచ్చటగా పెంచండి" అని చెప్పడం, చప్పట్లు అందుకుని భోజనం వేళకు ఇల్లు చేరడం. ఇందులో తప్పేముందంటే, ఏమీ లేదు. కాకపోతే ఇదే మనిషి ఇదే మైకు పట్టుకుని, మొన్న మొన్నటి దాకా "ఒక్కరు చాలు, ఒక్కరే చాలు" అని ఊరి చెవులు చిల్లులు పడేలా అరిచాడు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆయన మైకు మామయ్యే.

ఆయన చేసిన పాపమేమిటోగానీ, జనం ఆయన మాట విన్నారు. బడుల్లో బెంచీలు ఖాళీ అయ్యాయి. ఆసుపత్రుల్లో ముసలివాళ్ళ వరస పెరిగింది. పై ఆఫీసు కంగారుపడి నినాదాన్ని తిరగేసింది. ఆడవాళ్ళ కడుపంటే ఈ ఆఫీసులకు వీధి కుళాయి కాబోలు! కట్టమన్నప్పుడు కట్టాలి, తిప్పమన్నప్పుడు తిప్పాలి. ఒళ్ళు మండదూ ఎవరికైనా?

ఆయన భార్యకు మండింది. అద్దం ముందు ఆయన ఉపన్యాసం వల్లిస్తుంటే వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది.

"ఏదీ, ఆ మాట మళ్ళీ అనండి."

"ఏ మాట?"

"ముగ్గురు ముచ్చటన్నారే, ఆ మాట. అమ్మాయి బళ్ళో చేరగానే ఇంకొకరు కావాలని మీ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఏమన్నారప్పుడు?"

"పాత సంగతులిప్పుడెందుకే..."

"'మనకే ఇద్దరుంటే జనం నా మొహాన ఉమ్మేస్తారు' అన్నారు. మీ మైకు కోసం నా ఆశ చంపుకున్నాను. ఇవాళ వేదికెక్కి ఆ మాట అన్నారో, మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు. ఆ మైకుతోనే కాపురం చేసుకోండి!"

"అనకపోతే ఉద్యోగం పోతుందే!"

"పోనివ్వండి. నాకు పోయినదానికంటే పెద్దదా?"

అంతలో ఫోను మోగింది. కొత్తగా వచ్చిన డైరెక్టరు.

"పేపరు వాళ్ళొస్తున్నారయ్యా. చెప్పేవాడికి ఇంటినిండా పిల్లలుంటేనే కదా జనం నమ్మేది. మీకెంతమంది?"

పైవాళ్ళకు "లేదు" అని చెప్పి ఎరగని నాలుక తనంతట తానే కదిలింది. "ముగ్గురు సార్."

"భేష్! ముగ్గుర్నీ వేదిక మీదికి తీసుకురండి. చిన్నవాళ్ళేగా?"

"చిన్నవాళ్ళే సార్."

ఆయన ఒక్కగానొక్క కూతురు పెళ్ళయి, వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది. నోరు జారింది, ఇక చేసేదేముంది? మైకు మామయ్య పిల్లల్ని అరువు తెచ్చుకోవడానికి వీధిలో పడ్డాడు.

మొదట పక్కింటి దర్జీగారింటికి వెళ్ళాడు. దర్జీ భార్య మిషను ఆపలేదు.

"మాకున్నది ఒక్కడేగా, అన్నయ్యగారూ. ఇంకొకర్ని కందామంటే, మా ఆయన ముందు తిష్ఠవేసి ఆయన మనసు విరిచింది మీరు కాదూ?"

"అది అప్పటి మాటమ్మా."

"ఇప్పుడు మాత్రం ఎలా కనమంటారు? మిషను తొక్కనా, వీడి వెనకాల పరిగెత్తనా? సాయంత్రం దాకా చూసుకుంటానంటే తీసుకెళ్ళండి."

"చూసుకుంటానమ్మా, ఎందుకు చూసుకోను!"

పై వాటాలో ఉండే నర్సు అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. ఆయన మాట పూర్తికాకుండానే చంటిపిల్లనూ పాలసీసానూ ఆయన చేతుల్లో పెట్టింది. "నేను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో! సాయంత్రం లోపల నా తలుపు కొట్టారంటే మర్యాద దక్కదు" అని గడియ వేసుకుంది.

మూడోవాళ్ళ కోసం నాలుగిళ్ళు చూశాడు. ఇంటికొక్కరే, ఆ ఒక్కరినీ అరువివ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కొన్ని ఇళ్ళలో ఆ ఒక్కరూ లేరు. తన ప్రచారం ఇంత బాగా పనిచేసిందని ఆయనకు మొదటిసారి తెలిసివచ్చింది. గర్వపడే తీరిక మాత్రం లేకపోయింది. ఎందుకంటే, ఈలోగా దర్జీ భార్య కిటికీలోంచి ఎదురింటికి కబురు అందించింది.

"మైకు మామయ్య సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకుంటున్నారట!"

"ఆఫీసువాళ్ళే పెట్టించి ఉంటారు. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది మహానుభావులకి!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. పనికి ఆలస్యమవుతున్న ఆడవాళ్ళు పరుగుపరుగున వచ్చి, పిల్లల్ని ఆయన చుట్టూ దించేసి, బస్సు కోసం అదే పరుగున వెళ్ళిపోయారు. "అమ్మా, నాకు ముగ్గురు చాలమ్మా!" అని ఆయన మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? "ఊరందరికీ ముగ్గుర్ని అంటగడదామనుకున్నారుగా, మీకు మాత్రం బరువా?" అని ఒకామె వెనక్కి తిరక్కుండానే కేకేసింది.

వేదిక మీదికి ఒక గుంపు ఎక్కింది. డైరెక్టరు కళ్ళు తేలేశాడు. "ముగ్గురన్నారు?"

"తక్కువ చేసి చెప్పాను సార్. దిష్టి తగులుతుందని."

పేపరు విలేకరి వంగి దర్జీ కొడుకు బుగ్గ నిమిరింది. "మీ నాన్నగారు ఇంట్లో ఏం చేస్తుంటారు బాబూ?"

"బట్టలు కుడతాడు."

"తీరిక వేళల్లోనండీ" అన్నాడు మైకు మామయ్య, చెమటలు కక్కుతూ.

"ఈ పక్కనున్నది మీ చెల్లేనా?"

"ఏమో. ఇవాళే చూశాను."

సభ గొల్లుమంది. ఇంకో పిల్లవాడు తెర పట్టుకుని వేలాడితే తెర ఊడివచ్చింది. చంటిపిల్ల మైకు దగ్గర గుక్కపట్టింది. డైరెక్టరు పళ్ళు కొరుకుతూ, "ఎవరి పిల్లలయ్యా వీళ్ళు?" అని గొణిగిన గొణుగుడు కూడా మైకులో హాలంతా వినిపించింది.

మొగుడు ఆ మాట అంటాడో లేదో చూద్దామని ముందు వరసలో కూర్చున్న భార్య అప్పుడు లేచింది. తిన్నగా వేదికెక్కి, చంటిపిల్లను చంకనేసుకుని, రెండో చేత్తో మైకు లాక్కుంది.

"వీళ్ళు అరువు పిల్లలు. మా వీధి పిల్లలు. ఒక్కరు చాలన్నదీ మీరే, ముగ్గురు కావాలంటున్నదీ మీరే. మధ్యలో కనేదాన్ని ఒక్కసారైనా అడిగారా? ఇంటద్దెలు ఎలా ఉన్నాయో చూశారా? పసిగుడ్డుకి జ్వరమొస్తే సెలవిస్తున్నారా? ఈయన సాయంత్రం దాకా చూసుకుంటానంటే, వీధి వీధంతా వచ్చి పిల్లల్ని ఈయన ఒళ్ళో పడేసింది. నా కిటికీలోంచి చూశాను. పిల్లలంటే ముద్దు లేక కాదయ్యా, మోసే దిక్కు లేక కనడం లేదు!"

కుర్చీలు నింపడానికి ఆఫీసుల నుంచి తోలుకొచ్చిన ఆడవాళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. విలేకరి కలం ఆగలేదు. డైరెక్టరుకు గాలి ఎటు వీస్తోందో తెలుసు. మెల్లగా మైకు అందుకున్నాడు.

"సరిగ్గా ఇదే మా కొత్త పథకం! రేపటి నుంచి మా ఆఫీసులోనే పిల్లల గది తెరుస్తున్నాం. దాని బాధ్యత, అనుభవం ఉన్న మన ప్రచారాధికారిగారిదే!"

ఆ విధంగా ఆయన ఆ మాట అనకుండానే గండం గడిచింది. ఉద్యోగమూ దక్కింది, గడపా దక్కింది. మైకు మాత్రం పోయింది. మర్నాటి నుంచి మైకు మామయ్య ముక్కులు తుడుస్తూ, ఉయ్యాలలూపుతూ, గొంతు పోయేలా కాకుండా జో కొట్టేలా మాట్లాడడం నేర్చుకున్నాడు.

నెల తిరక్కుండానే డైరెక్టరు ఆయన్ని పిలిపించాడు.

"గది పెట్టాం, ఆయాల్ని పెట్టాం. జననాలు పెరగలేదేం?"

"తొమ్మిది నెలలు పడుతుంది కదండీ సార్."

"అంత ఆలస్యమా? ఎవరి దగ్గర ఆగిందో కనుక్కుని వెంటనే చెప్పండి."

ఇంటికొచ్చి ఈ ముచ్చట భార్యకు చెప్పి ఆయన పడీ పడీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కంచం ఆయన ముందుకు తోసి, "ఊరి సంగతి నాకు తెలీదు. మనింట్లో ఎవరి దగ్గర ఆగిందో మాత్రం చెప్పగలను" అంది.