ముసలయ్యకు రిలీజ్ దొరికింది

బహ్రెయిన్ తెలుగు సింహాల ఫుట్‌బాల్ క్లబ్‌ను ఆసియా ఖండం తల తిప్పి చూసేలా చేస్తానని అధ్యక్షులు శ్రీ వెంకటరాజు గారు నయీమ్ పేటలో ఒక హోటల్ మేడమీద, చికెన్ సిక్స్టీఫైవ్ రాకముందే ప్రకటించారు. ఆసియా ఖండానికి ఆ సమయంలో వేరే పనులుండి ఉంటాయి. హాల్లో ఉన్నవాళ్ళు మాత్రం తల తిప్పి చూశారు. ప్లేట్లు అటువైపు నుంచే వస్తున్నాయి.

చివరి కుర్చీలో గోల్‌కీపర్ ముసలయ్య కూర్చుని ఉన్నాడు. తాత పేరు పెట్టడం వల్ల ముసలయ్య అయ్యాడు గానీ, మనిషి ముప్ఫై దాటి ఎంతో కాలం కాలేదు. జగిత్యాల వైపు నుంచి వచ్చి, సఖీర్‌లో రేసు కార్ల ట్రాక్‌కు ఆవల ఎడారిలో కడుతున్న గోదాముల దగ్గర సెంట్రింగ్ పని చేస్తాడు. ఫుట్‌బాల్ అతని ప్రాణమని క్లబ్ వాళ్ళు ఫేస్‌బుక్‌లో రాసేవారు. అతని ప్రాణం సరిత. సరిత అతని భార్య, అదే నయీమ్‌లో ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. అతనుండే లేబర్ క్యాంపు నుంచి ఊళ్ళోకి టాక్సీ అంటే రెండు రోజుల కూలి, కంపెనీ బస్సేమో ఎప్పుడో జీతాలప్పుడు కదులుతుంది. క్లబ్ వ్యాను మాత్రం శుక్రవారం శుక్రవారం క్యాంపు గేటు దగ్గరికొచ్చి హారన్ కొట్టేది. ఆట అయ్యాక వ్యాను తిరిగి బయల్దేరేదాకా ముసలయ్య లాండ్రీ వెనక మెట్లమీద పెళ్ళాం పక్కన కూర్చునేవాడు. ఆ కాసేపటి కోసం ఎన్ని గోల్స్ తినడానికైనా సిద్ధపడి ఉండేవాడు. పోయిన సీజన్ ఆఖరి ఆటలో తొమ్మిది తిన్నాడు.

"ఇది ఆఫ్ సీజన్" అన్నారు వెంకటరాజు గారు. "అసలైన ఆట ఆఫ్ సీజన్‌లోనే ఉందండీ."

"మరి సీజన్‌లో?" అన్నాడు కోచ్ శాంతిరాజు.

"సీజన్‌లో ఫలితాలుంటాయి. వాటి సంగతి అప్పుడు చూసుకుందాం."

వెంకటరాజు గారికి సనాబిస్‌లో ఆఫీసు ఉంది, మెడలో కండువా ఉంది, స్వదేశంలో ఒక పార్టీ ఉంది. ఆ పార్టీ గల్ఫ్ విభాగానికి కన్వీనర్ పదవి ఖాళీగా ఉంది. ఫుట్‌బాల్ మీద వారికి అంత మమకారం పుట్టడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని వారే నాలుగైదు సార్లు చెప్పారు.

శాంతిరాజు స్కూలు బస్సు డ్రైవరు. ప్రార్థన కూటంలో పాటలు పాడతాడు, ఖాళీ దొరికితే ఫోన్లో విదేశీ జట్ల వార్తలు చదువుతాడు. అతను లేచి, ఆఫ్ సీజన్‌లో పెద్ద జట్లన్నీ ఫ్రీ ఏజెంట్లను తెచ్చుకుంటాయనీ, ఏ క్లబ్‌కూ కట్టుబడి లేని ఆటగాణ్ణి అలా పిలుస్తారనీ వివరించాడు. సరిగ్గా వివరించే సమయానికి ప్రధాన కార్యదర్శి మంగరాజు "ఇటు ఉల్లిపాయలేవయ్యా!" అని కేకేశాడు. చివరి కుర్చీదాకా 'ఫ్రీ ఏజెంట్' అన్న ముక్క ఒక్కటే వచ్చింది.

ముసలయ్య నిటారుగా కూర్చున్నాడు. ఏజెంట్ అంటే ఎవరో జగిత్యాల మనిషికి ఇంకొకరు చెప్పాలా? దుబాయి పంపిస్తానని ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, పెళ్ళాం పుస్తెల వైపు చూసేవాడు ఏజెంట్. అలాంటివాడు ఫ్రీగా దొరుకుతున్నాడంటే లోకం బాగుపడుతోందన్న మాటే.

అంతలో కొత్త జెర్సీల విషయం వచ్చింది.

"ఒకటో నంబరు ఎవరిది?" అని అడిగారు వెంకటరాజు గారు.

"ముసలయ్యదండి. గోల్‌కీపర్."

వెంకటరాజు గారు చేతిలో ముక్క ప్లేట్లో పెట్టేశారు. "నేనుండగా ముసలయ్య నంబర్ వన్ ఎలా అవుతాడయ్యా?"

"ఆటలో అలాగేనండి. అందరికంటే వెనక నిలబడేవాడికే ఒకటి."

"వెనక నిలబడేవాడికి ఒకటి! మన జాతి వెనకబడింది ఇందుకేనయ్యా!"

చప్పట్లు మోగాయి. ముసలయ్య కూడా కొట్టాడు. నంబరు పోతే పోయింది, వ్యాను ఉంటే చాలు.

అధ్యక్షులకు ఒకటి అయ్యాక ఉపాధ్యక్షులకు రెండు రావాలి. ఉపాధ్యక్షులు ఇద్దరు. ఇద్దరూ కుర్చీలు వెనక్కి నెట్టారు. ఫ్లాట్ల నంబర్లకు మల్లే టూ-ఏ, టూ-బీ చేసి మంగరాజు సంఘాన్ని చీలిక నుంచి కాపాడాడు. పదో నంబరు దగ్గర మళ్ళీ గొడవ. అది తనకన్నారని కోశాధికారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"లోకంలో గొప్పగొప్ప ఆటగాళ్ళు వేసుకునే నంబరండీ అది" అని శాంతిరాజు సముదాయించబోయాడు.

"అయితే వాళ్ళు వాళ్ళ కమిటీలో పదోవాళ్ళై ఉంటారు" అన్నాడు కోశాధికారి.

బిర్యానీ వచ్చేసరికి కమిటీ వాళ్ళతోనే జట్టు నిండిపోయింది.

"మరి ఆడేవాళ్ళ సంగతేంటండీ?" అన్నాడు శాంతిరాజు, ఫోన్ కిందపెట్టి.

"రిలీజ్ చేసేద్దాం" అన్నారు వెంకటరాజు గారు. "గౌరవంగా. శాలువా కప్పి."

వేడుక వచ్చే శుక్రవారానికి పెట్టుకున్నారు.

ముసలయ్య అది విన్నాడు. గల్ఫ్‌లో చెమటోడ్చేవాడికి రిలీజ్ అంటే ఒకటే అర్థం. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మనిషిని వదిలిపెట్టడం, వాడు నచ్చిన చోట పనిలో చేరడం. నయీమ్‌లో సరిత లాండ్రీ ఎదురు సందులో పాత బిల్డింగులు బాగుచేసే కంపెనీ ఒకటి సెంట్రింగ్ వాళ్ళ కోసం చూస్తోంది. రిలీజ్ ఉంటే రేపే రమ్మన్నారు. అదొక్కటి దొరికితే మెట్లమీద కూర్చోవలసిన అవసరం లేదు, పొద్దున లేస్తే పెళ్ళాం ముఖమే కనిపిస్తుంది. ఆ రాత్రి క్యాంపులో తన గదివాళ్ళకు చెప్పాడు. "సనాబిస్ల ఒక సారున్నడు. ఫ్రీ ఏజెంటు. రిలీజులు ఇస్తడట." గదివాళ్ళు పక్క గదివాళ్ళకే చెప్పారు, క్యాంపులో గదులకు కొదవ లేదు.

ఆ శుక్రవారం హోటల్ కింద వీధి నిండిపోయింది. తలా ఇంత వేసుకుని లారీలు మాట్లాడుకుని వచ్చిన జనమే జనం. ప్రతివాడి చేతిలో పాస్‌పోర్టు జిరాక్సు. కిటికీలోంచి చూసిన వెంకటరాజు గారు కండువా సర్దుకున్నారు.

"ఫుట్‌బాల్ అంటే మనవాళ్ళకి ఇంత పిచ్చి ఉందని నాకు తెలీదయ్యా మంగరాజూ."

"ఆ కాగితాలు మీ సంతకం కోసమేనండి" అన్నాడు మంగరాజు, వీడియో తీసి పార్టీ ఆఫీసుకు పంపిస్తూ.

వెంకటరాజు గారు కిందికి దిగి, అడిగినవాడికీ అడగనివాడికీ జిరాక్సుల మీద సంతకాలు పెట్టారు. కొన్నిటి మీద 'ప్రేమతో' అని కూడా రాశారు. సంతకం అందినవాడు దాన్ని కళ్ళకద్దుకుని చొక్కా లోపల దాచుకున్నాడు. తర్వాత మైకు తీసుకున్నారు.

"సోదరులారా! మనిషిని కట్టేసి ఉంచే రోజులు పోయాయి! ట్రాన్స్‌ఫర్ కావాలన్నవాడికి ట్రాన్స్‌ఫర్! రిలీజ్ కావాలన్నవాడికి రిలీజ్!"

వీధి దద్దరిల్లింది. జీవితంలో వారికెప్పుడూ అన్ని చప్పట్లు పడలేదు, అందుకని అదే మాట ఇంకో రెండుసార్లు అన్నారు. "మొట్టమొదటి రిలీజ్, మన ముసలయ్యకి!"

శాలువా కప్పారు. ముసలయ్య గట్టిగా ఏడ్చేశాడు. వంగి కాళ్ళు పట్టుకోబోయాడు. క్లబ్‌ను ఇంత హుందాగా వదిలిన ఆటగాణ్ణి తానింతవరకూ చూడలేదని వెంకటరాజు గారు అక్కడికక్కడే ప్రకటించారు.

శాంతిరాజు అతన్ని పక్కకు తీసుకెళ్ళాడు. "ముసలయ్యా, వాళ్ళేం చెప్పారో నీకు అర్థమైందా?"

"ఎందుకు గాలె సార్! ఇగ నేను సరిత కాడ్నే ఉంట."

శాంతిరాజు ఆ ముఖం చూశాడు. "దేవుడు చల్లగా చూడాలి" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. నిజం చెప్పే పని దేవుడి మీద వదిలేసినందుకు ఆదివారం పాట కూడా సరిగ్గా పాడలేకపోయాడట.

ముసలయ్య శాలువాతోనే లాండ్రీకి పరిగెత్తాడు. "సరితా, నాకు రిలీజైంది!"

సరిత ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "కఫీల్ ఒప్పుకున్నడా?"

"కఫీలేంది, గిఫీలేంది! సారు మైకుల చెప్పిండు. గిదో, శాలువ గూడ కప్పిండు."

సరిత శాలువా అంచు పట్టుకుని చూసింది. "శాలువ కప్పి రిలీజ్ ఇచ్చుడు నేనైతే ఎన్నడు ఇనలె" అంది. కానీ అతను అంతగా నవ్వడం కూడా ఆమె చాలా రోజులుగా చూడలేదు. ఆ సాయంత్రమే, తనతో పాటు గదిలో ఉండే జమునను అడిగి సగం గది ఇప్పించుకుంది. మధ్యలో కట్టడానికి నీలం పర్దా కొన్నది.

తెల్లారి ముసలయ్య శాలువా భుజాన వేసుకుని ఫోర్‌మన్ ముందు నిలబడ్డాడు. "ఖలాస్ భాయ్. నాకు రిలీజైంది."

"ఎవరిచ్చారు?"

"ప్రెసిడెంట్."

ఫోర్‌మన్ కాస్త తగ్గాడు. "ఏ దేశానికి?"

"తెలుగు సింహాలకు."

ఫోర్‌మన్ అతన్ని చూశాడు, వెనక జిరాక్సులు పట్టుకుని నిలబడ్డవాళ్ళనూ చూశాడు. "యల్లా, సామాన్ ఎత్తండి" అన్నాడు. ఆ పూట ఆ జట్టు మొత్తానికి ఓవర్‌టైం కూడా వేశాడు.

కాగితం రావడానికి టైం పడుతుంది గదా అని ముసలయ్య సర్దుకున్నాడు. శుక్రవారం స్నానం చేసి, చొక్కా మార్చుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. వ్యాను రాలేదు. ఎండ దిగిపోయింది. మంగరాజుకు ఫోన్ చేశాడు.

"వ్యాను రాలె సారూ."

"నువ్వు రిలీజ్ అయ్యావు కదయ్యా! జట్టులో లేనివాడికి వ్యానెలా పంపుతాం? రూల్స్ ఒప్పుకోవద్దూ?"

అప్పుడు అర్థమైంది ముసలయ్యకు. గేటు పక్కన ఇసుకలో కూలబడ్డాడు. కఫీల్ వదల్లేదు, క్లబ్ వదిలేసింది. ఉన్న ఒక్క దారినీ తనే చప్పట్లు కొట్టి మూయించుకున్నాడు. ఫోన్ మోగింది.

"పర్దా కట్టిన" అంది సరిత. "మంచిగున్నది. ఎప్పుడొస్తున్నవ్?"

"వస్త" అన్నాడు.

ఎండాకాలమంతా వ్యాను రాలేదు, జీతాలు ఆగడంతో కంపెనీ బస్సూ కదల్లేదు. వేడి తగ్గి సీజన్ మొదలైన రోజు మాత్రం క్యాంపు గేటు దగ్గర హారన్ వినిపించింది. ముసలయ్య చెప్పులు సగం తొడుక్కునే ఉరికాడు.

"ఎక్కండెక్కండి!" అంటున్నాడు మంగరాజు. "ఇండియా నుంచి పార్టీ పెద్దాయన వచ్చారు. చప్పట్లు కొట్టేవాళ్ళు కావాలి."

సనాబిస్ వెనక మట్టి గ్రౌండులో తెలుగు సింహాలు ఇస్త్రీ ప్యాంట్ల మీద కొత్త జెర్సీలు వేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. మధ్యలో నంబర్ వన్, చంకలో బంతి. పార్టీ పెద్దాయన పక్కన నిలబడ్డాడు. ఫోటోలు తీశారు. పొట్టలు లోపలికి పీల్చుకుని మళ్ళీ తీయించుకున్నారు. అవతలి జట్టు కుర్రాళ్ళు అప్పటికే చెమటలు పట్టేలా పరిగెడుతున్నారు.

రిఫరీ వచ్చి గోల్‌లో ఎవరని అడిగాడు.

"నంబర్ వన్ వెళ్ళి వెనక నిలబడతాడా?" అన్నారు వెంకటరాజు గారు. టూ-ఏ తనకు మోకాలి నొప్పన్నాడు. టూ-బీ, టూ-ఏ లేనిదే తానూ ఆడనన్నాడు. పదో నంబరు ఇంకా అలకలోనే ఉన్నాడు.

"ముసలయ్య ఉన్నాడండీ, ఇదిగో ఇక్కడే ఉన్నాడు!" అని శాంతిరాజు అరిచాడు. ముసలయ్య అప్పటికే చెప్పులు విప్పేశాడు. జట్టులో చేరితే మళ్ళీ వ్యాను వస్తుంది, ప్రతి శుక్రవారం వస్తుంది. గీత దాటడానికి కాలు ఎత్తాడు.

"ఆగవయ్యా!" మంగరాజు చెయ్యి అడ్డం పెట్టాడు. "శాలువా కప్పి పంపించాక మళ్ళీ వస్తే ఆ గౌరవం ఏమైపోవాలి?"

రిఫరీ గడియారం చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. ఆడటానికి మనుషుల్లేని జట్టు మూడు గోల్స్‌తో ఓడినట్టు లెక్క అని చెప్పి ఈల ఊదేశాడు.

వెంకటరాజు గారు మైకు అందుకున్నారు. "సోదరులారా! ముసలయ్య హయాంలో మనం తొమ్మిది గోల్స్ తిన్నాం. నేను ఒకటో నంబరు బాధ్యత తీసుకున్నాక మూడే తిన్నాం! ఒక్క ఆఫ్ సీజన్‌లో ఇంత ప్రగతి ప్రపంచంలో ఏ జట్టూ సాధించలేదు!"

పార్టీ పెద్దాయన తల ఊపి, వారిని గల్ఫ్ విభాగం కన్వీనర్‌గా నియమిస్తున్నట్టు అక్కడే చెప్పాడు. పని ఒత్తిడి దృష్ట్యా సీజన్ ఇంతటితో దిగ్విజయంగా ముగిసిందనీ, రేపటి నుంచి మళ్ళీ ఆఫ్ సీజన్ అనీ కన్వీనర్ గారు ప్రకటించారు. చప్పట్లు కొట్టే పని ముసలయ్యదే. కొట్టాడు.

బిర్యానీ తిని వచ్చేదాకా వ్యాను నయీమ్‌లో ఆగింది. జెర్సీల మూట లాండ్రీలో ఇచ్చి రమ్మని మంగరాజు ముసలయ్య చేతికే ఇచ్చాడు. సరిత మూట విప్పింది. పైనే ఒకటో నంబరు జెర్సీ.

"ఏం ఉతకాలె దీన్ని? మడత గూడ పోలె" అంది. "ఎవలు గెలిచిండ్రు?"

"వెంకటరాజు సారు."

వెనక మెట్లమీద కూర్చుని ముసలయ్య మొత్తం చెప్పాడు. సరిత అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"పర్దా?" అన్నాడు చివరికి.

"అట్లనే ఉన్నది. తీసేయమని జమున అడుగుతనే ఉంటది. రేపు రేపు అంటున్న."

వీధిలో వ్యాను హారన్ కొట్టింది. ఇద్దరూ లోపలికి వచ్చారు. ఆ జెర్సీలు అర్జంటట, కన్వీనర్ గారికి రేపు సన్మానమట. సరిత ఒకటో నంబరు జెర్సీని బల్లమీద పరిచి, కాలుతున్న ఇస్త్రీ పెట్టె దానిమీద ఆనించింది.

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"సీజన్ మొదలైనంక."

హారన్ మళ్ళీ మోగింది. సరిత కొంగుతో ముఖం తుడుచుకుని, అతన్ని వ్యాను దాకా సాగనంపడానికి బయటికి నడిచింది. కాలే ఇస్త్రీ పెట్టె జెర్సీ మీది ఒకటో నంబరుకు ఆని అలాగే ఉంది.