ఇరవయ్యొకటి నిండాయా?

కొట్లో మనుషుల్ని తీసేసి బిల్లు మిషన్లు పెట్టినవాడి కడుపు చల్లగుండ! ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్నే, అయినా ధైర్యంగా చెబుతున్నాను: మనిషినీ మనిషినీ కలపడానికి ఇంతకు మించిన సాధనం ఇంకా పుట్టలేదు.

నమ్మరా? వినండి.

అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని మా ఊళ్లో ఉన్నది ఒకటే సరుకుల కొట్టు. అందులో బిల్లు కొట్టే డార్లాకి బొడ్డు కోసింది నేనే. అరవై ఆరు మార్చిలో, మంచు తుఫానుకి డాక్టరు కారు గోతిలో దిగబడితే, నా కుట్టుపని కత్తెరతో! ఇదివరకు నేను వరసలో నిలబడితే, డార్లా చేతులాడిస్తూనే "మోకాళ్ళెలా ఉన్నాయి?" అనేది. నేను కుడి మోకాలు ముగించి ఎడమకు వచ్చేలోపు వెనకవాళ్ళు దగ్గేవాళ్ళు. ఎంత వెనకబడిన రోజులు!

ఇప్పుడు ఆరు మిషన్లు. మన సరుకు మనమే చూపించి, మన సంచిలో మనమే వేసుకోవాలి. డార్లా ఓ మూల నిలబడి ఉంటుంది. మిషను పిలిస్తేనే రావాలట. వారానికి వంద పిలుపులు రాకపోతే ఆమెను ఇంటికి పంపేస్తారట. మీరైతే ఏం చేస్తారు?

నేను బీరు కొన్నాను.

మేం మెథడిస్టులం, మందు ముట్టని క్రైస్తవులం. మా తాత తన పెళ్ళిలో కూడా నిమ్మరసమే తాగాడు. కానీ ఏం చెయ్యను? బీరు సీసా చూపించగానే మిషను ఎర్రదీపం వెలిగిస్తుంది. కొనేవాళ్ళకి ఇరవయ్యొకటి నిండాయో లేదో మనిషే వచ్చి చూడాలి!

"ఏం పాపా, ఇరవయ్యొకటి నిండాయా?"

"నీ బొడ్డు కోసేనాటికే నిండాయే!"

"అలా అంటే కుదరదు పాపా. కార్డు తియ్."

కార్డు నా చేతిసంచి అడుగున ఉంటుంది. అడుగు తగిలేలోపు ఆమె కూతురి కాపురం, చెల్లెలి కిడ్నీ రాళ్ళు, నా రెండు మోకాళ్ళూ పూర్తవుతాయి. ఆరు సీసాలు కావాలంటే ఆరూ ఒకేసారి కొంటానా? పిచ్చిదాన్నా? సీసాకో బిల్లు!

ఇప్పుడు మా చర్చి మహిళా సంఘమంతా బీరు కొంటోంది. తొంభై రెండేళ్ల యూనిస్ అయితే పూటకోసారి. మొన్న పాస్టరుగారు మా ఇంటికొచ్చి, వంటింట్లో బారులు తీరిన సీసాలు చూసి గొంతు తగ్గించారు.

"ఆర్డిత్‌గారూ, మీ కోసం ప్రార్థన చెయ్యమంటారా?"

"చెయ్యండి బాబూ. చేసి, వెళ్తూ వెళ్తూ మీరూ ఒక సీసా కొనండి. ఈ వారం ఇంకా తొమ్మిది పిలుపులు తక్కువ."

ఇలా హాయిగా సాగుతుంటే, మిషన్లకి కొత్తగా కళ్ళు పెట్టారు. మొహం చూసి వయసు కనిపెట్టేస్తాయట! నిన్న నా ముడతలు చూసి రెప్పపాటులో పచ్చదీపం వెలిగించింది. ఎనభై మూడేళ్ళలో నన్నింత అవమానించినవాళ్ళు లేరు. మూలనుంచి డార్లా చెయ్యి ఊపింది. అంతే. రాలేదు.

ఇవాళ యూనిస్ మునిమనవరాలి గులాబీరంగు టోపీ కళ్ళదాకా లాక్కుని, మఫ్లరు ముక్కుదాకా చుట్టుకుని వెళ్ళాను. మిషను ఎంత తికమకపడిందో పాపం! ఎర్రదీపం! డార్లా పరుగున వచ్చింది.

"ఏం పాపా, ఇరవయ్యొకటి నిండాయా?"

"ఇంకా లేదే డార్లా. నిండేదాకా ఇక్కడే నిలబడు."